తొమ్మిదికల్లా వాన

దైవాశీర్వాదం తలుపు తీసి, బూటు కాలితో గుమ్మం ముందు మెట్టును తట్టి చూశాడు. ఐస్. అరంగుళం మందాన, రాయిలా ఉంది.

సంతోషించాడు.

1982 జనవరి. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో శనివారం ఉదయం ఆరున్నర.

లోపల రేడియోలో వాతావరణం చెబుతున్నారు. రాత్రంతా స్నో, తెల్లవారుజామున ఐస్. దక్షిణం నుంచి వెచ్చటి గాలి వస్తోంది. టొలీడోలో ఇప్పటికే వానగా మారింది, డెట్రాయిట్‌లోనూ తొమ్మిదికల్లా వానే.

అతను రేడియో కట్టేశాడు.

తెలుగు చర్చి సెక్రటరీ అతనే. ఆ చర్చి భవనం ఆదివారం తెల్లవాళ్లది. నెలకో శనివారం పది గంటలకి మాత్రం మనవాళ్లకిచ్చారు. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. రోడ్లు బాగాలేకపోతే ఆరాధన పెట్టాలా మానాలా అన్నది ఏడింటికల్లా తేల్చి, ఇంటింటికీ ఫోన్ చేసే బాధ్యతా అతనిదే. పోయిన ఏడాది ఒక కుటుంబం కారుతో సహా గుంటలోకి జారిన దగ్గర్నుంచీ ఆ పద్ధతి పెట్టుకున్నారు.

ఈ రోజు ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. ఈ రోజే కృపావరానికి వీడ్కోలు కూడా.

కృపావరం నరసాపురం వాడు. దైవాశీర్వాదంతో పాటు ఒకే సెక్షన్లో కారు భాగాల డ్రాయింగులు గీసేవాడు. అక్టోబరులో కంపెనీ మనుషుల్ని తీసేస్తున్నప్పుడు, పై ఆఫీసరు దైవాశీర్వాదాన్ని గదిలోకి పిలిచాడు. మీ ఇద్దరిలో ఒక్కరికే చోటుంది, కృపావరం పనెలా ఉంటుందని అడిగాడు.

"కొంచెం నెమ్మది," అన్నాడు దైవాశీర్వాదం.

పచ్చి అబద్ధం. ఆ సెక్షన్లో కృపావరమంత చురుకైన చెయ్యి ఇంకొకటి లేదు. ఉద్యోగం పోయింది మాత్రం అతనికే, ఇప్పుడు పని కోసం కుటుంబంతో టెక్సాస్ వెళ్తున్నాడు.

ఈ సంగతి తెలిసింది అతని భార్య దేవకుమారికి ఒక్కర్తికే.

"తోటివాడికి అన్యాయం చేసి, ఒప్పుకోకుండా బల్ల దగ్గర చెయ్యెలా చాపుతారండీ?" అని నెల రోజులుగా అడుగుతూనే ఉంది. "వాళ్లు టెక్సాస్ వెళ్లేలోపు కడుపులో ఉన్నది కక్కేయండి."

ఈ రోజు చెబుతానన్నాడు. బైబిలు మీద చెయ్యి వేసి మరీ అన్నాడు.

ఏడింటికి పది నిమిషాలుండగా ఫోన్ అందుకున్నాడు.

"వందనాలండీ పాస్టరుగారూ. రోడ్లన్నీ ఐస్. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లున్నారు. క్యాన్సిల్ చేద్దామండి."

"వాన పడుతుందంటున్నారు కదయ్యా?"

"వాళ్లని నమ్మలేమండి."

"సరే నాయనా, నీ ఇష్టం."

పదకొండు ఇళ్లకి ఫోన్ చేశాడు. కృపావరం ఇంటికి చేస్తే, ఆ నంబరు తీసేశారని రికార్డింగ్ వినిపించింది. నిజమే, సామాన్లన్నీ పంపేశారు. చర్చి నుంచి అటే కారులో టెక్సాస్ వెళ్లిపోతారు. ఇంత ఐస్‌లో ఎక్కడ బయల్దేరతాడులే అనుకుని ఊరుకున్నాడు.

తొమ్మిది కాకముందే వాన మొదలైంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, రేడియోవాళ్ల మాట ఆ రోజు అక్షరాలా నిజమైంది. కొమ్మల మీది ఐస్ పెళుసుగా విరిగి రాలింది. ఉప్పు చల్లే లారీ ఒకటి వచ్చి పోయింది. తొమ్మిదిన్నరకి రోడ్డు నల్లగా, శుభ్రంగా తేలింది.

"మళ్లీ ఫోన్ చేయండి అందరికీ," అంది దేవకుమారి. తెల్లవారుజామునే లేచి వీడ్కోలుకి పలావు వండింది, పాపం.

"ఒకసారి వద్దని, మళ్లీ రమ్మంటే ఏం బాగుంటుంది?"

పదింటికి ఫోన్ మోగింది.

"వందనాలన్నా, కృపావరాన్ని. చర్చి ఎదురుగా గ్యాస్ స్టేషన్ నుంచి చేస్తున్నా. ఎవరూ రాలేదేంటి? తలుపుకి తాళముంది."

"క్యాన్సిల్ చేశాం. నీకు చేస్తే ఫోన్ పనిచెయ్యలేదు. ఐస్ కదా..."

"ఇక్కడ వానే అన్నా, మొత్తం కరిగిపోయింది. మీ వైపు ఇంకా ఉందా?"

దైవాశీర్వాదం కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు.

"ఉంది," అన్నాడు. "బాగా ఉంది."

"అయితే రావద్దన్నా, రిస్క్ ఎందుకు? ఓ అరగంట కార్లోనే కూర్చుని, పిల్లలతో పాట పాడించి బయల్దేరతాం." కృపావరం గొంతు తగ్గించాడు. "అన్నా, నా కోసం మీరు బాస్‌తో ఎంత కొట్లాడి ఉంటారో నాకు తెలుసు. మర్చిపోను."

దొంగకు తేలు కుట్టినట్టయింది. దైవాశీర్వాదం ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"వినిపిస్తోందా అన్నా? ఫోన్‌లోనే మాకోసం ఒక్క ప్రార్థన చెయ్యండి."

చేశాడు. కళ్లు మూసుకుని చేశాడు. దారిలో కాపాడమన్నాడు, కొత్త ఊళ్లో తోడుండమన్నాడు. ప్రార్థన ఎప్పటిలాగే బాగా కుదిరింది. అవతల పిల్లలు గట్టిగా ఆమెన్ అన్నారు.

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి, దేవకుమారి చీర మీద కోటు వేసుకుని నిలబడి ఉంది. ఒక చేతిలో పలావు గిన్నె. రెండో చేతిలో చర్చి తాళంచెవి, కారు తాళాలు.

"నువ్వెలా వెళ్తావ్? లైసెన్స్ వచ్చి పట్టుమని నెల కాలేదు. ఒక్కదానివే ఎప్పుడూ డ్రైవ్ చెయ్యలేదు."

"మీరొస్తారా?"

అతను తల వంచుకున్నాడు.

"మీరెందుకు రాలేదని వాళ్లు అడిగితే ఏం చెప్పమంటారు?"

అతను కిటికీ వైపు తిరిగాడు. ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

కిటికీ దగ్గర నిలబడి చూశాడు. కారు వెనక్కి వచ్చింది, ఆగింది, మళ్లీ కదిలింది. వానలో నెమ్మదిగా వీధి చివరిదాకా వెళ్లి, చర్చి వైపు మలుపు తిరిగింది.

ఎక్కడా జారలేదు.