తప్పిపోయిన రెండో విమానం

మొదటి విమానం ఆలస్యమై, మధ్యలో మారాల్సిన రెండో విమానం తప్పిపోయింది. తెల్లారేదాకా ఇంకోటి లేదని చెప్పి, కౌంటర్లో అమ్మాయి లైటార్పేసి వెళ్ళిపోయింది. పళ్ళ డాక్టరమ్మకి మొదట ఒళ్ళు మండింది. కానీ మూడు కుర్చీలు కలిపి కాళ్ళు బారచాపుకునేసరికి, అంతసేపూ విమానంలో ముడుచుకున్న మోకాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. వేడి కాఫీ కూడా దొరికింది.

ఇంట్లో కంగారుపడతారని అప్పుడు గుర్తొచ్చింది. తన ఫోన్లో చార్జింగ్ లేదు. నేల తుడుస్తున్న ఆవిడని బతిమాలి, ఆవిడ ఫోన్ తీసుకుని భర్తకి చేసింది.

"ఏవండీ, నేనే. విమానం తప్పిపోయింది. రేపొస్తాను."



"ఎవరండీ మీరు? మా ఆవిడ సాయంత్రమే వచ్చేసిందే."

"అర్ధరాత్రి ఏం పరాచికాలండీ!"

"గొంతు మాత్రం అచ్చం తనలాగే ఉంది," అన్నాడతను. ఆ మాటలో నవ్వు లేదు.

రోజూ పదిమంది నోళ్ళు తెరిపించే డాక్టరమ్మ ఏదో అనబోయి నోరు తెరిచింది.  

అంతలో అటువైపు ఎవరో ఫోన్ లాక్కున్నారు. పరిగెత్తిన అడుగులు. తర్వాత ఆరేళ్ళ కూతురి గొంతు, గుసగుసగా.

"అమ్మా, నువ్వు తొందరగా రా. ఇక్కడున్నావిడ అసలు నిద్రపోవట్లేదు. నా మంచం పక్కనే కూర్చుని చూస్తోంది."

"తల్లీ, నాన్న దగ్గరికెళ్ళు. వెంటనే వెళ్ళు!"

 పాప ఊపిరి మాత్రం వినిపిస్తోంది. పాప వెనక తలుపు మెల్లగా తెరుచుకున్న చప్పుడైంది.

"ఎవరమ్మా ఫోన్లో?" అని అటునుంచి ముద్దుగా అడిగింది డాక్టరమ్మ సొంత గొంతే. "ఇలా ఇవ్వు, నేను మాట్లాడతాను."