పట్టీ తప్పు

"మీ పట్టీకి పిచ్చెక్కిందమ్మా! మా మందుల ఫ్యాక్టరీ కాలువలోకి చుక్క వదలదు," అన్నాడు మేనేజరు.

నీళ్ళు పరీక్షించే అమ్మాయి చేతిలో బంగారు నానో కణాలు పూసిన కాగితం పట్టీ, కాలువ నీళ్ళలో ముంచగానే ఎర్రబడి ఉంది.

"యాంటీబయాటిక్ రవ్వంత ఉన్నా ఎర్రబడుతుంది సార్. ఈ నీళ్ళు తాగితే ఒంట్లో క్రిములు మందుకు అలవాటు పడిపోతాయి. రేపు జ్వరమొస్తే ఏ మందూ పనిచేయదు."

"అయితే మా ఇంటి నీళ్ళలో ముంచు. ఎర్రబడితే పట్టీ తప్పని రాసివ్వాలి," అంటూ తన సీసా అందించాడు.

కొత్త పట్టీ తీసి ముంచింది. అదీ ఎర్రబడింది.

"చూశావా!" అని మేనేజరు చప్పట్లు కొట్టాడు.

తలుపు దగ్గర నీళ్ళ ట్యాంకరు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "మీ ఇంటికి తోలేదీ ఆ కాలువ నీళ్ళేనండి. శుభ్రమేనని మీరే గదా కాగితమిచ్చారు."

చప్పట్లు కొట్టిన చేతులు అలాగే కలిసి ఉండిపోయాయి.

"మా పాపకు తొమ్మిది రోజులుగా జ్వరమమ్మా," అన్నాడు మేనేజరు. "మూడుసార్లు మందు మార్చారు."