రెండో సంతకం

"నా పక్కన కూకోకండి. ఆ బెంచీ మీదకెళ్ళండి," అంది మీనాకుమారి గొంతు తగ్గించి. "వకీలు సెప్పినాడు కదా."

ప్రేమ్‌కుమార్ నవ్వు ఆపుకుంటూ లేచి ఎదురు బెంచీకి మారాడు. మేదినీపూర్ కోర్టు వరండాలో భార్యాభర్తలు అంత దూరంగానే కూర్చోవాలట. పొద్దున ఖరగ్‌పూర్‌లో లోకల్ రైలు ఎక్కినప్పుడు కూడా ఆమె ఆడవాళ్ళ పెట్టెలోకి వెళ్ళిపోయింది. తెలిసినవాళ్ళు చూస్తే కేసు నిలవదని.

నిరుడు ఈ ఆలోచన తెచ్చింది ఆమే. ఆమె తండ్రి దేముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఖరగ్‌పూర్‌లోనే ఇందా పేటలో సొంత ఇంట్లో మంచం పట్టాడు. తల్లి ఏనాడో పోయింది. రెండేళ్ళుగా మీనా అక్కడే ఉండి ఆయన్ని చూసుకుంటోంది.

"విడాకులైన కూతురికి నాన్న పించను వస్తాదంట," అందారోజు, తల వంచుకుని. "కాకపోతే నాన్న బతికుండగానే కేసెయ్యాలంట."

"ఏటి, నాకు విడాకులిస్తావా?"

"కాయితం మీదే కదండీ. మల్లీ పెళ్ళి సేసుకోకూడదంతే. కలిసుంటే ఎవుడొచ్చి సూస్తాడు?"

అతను కాదనలేకపోయాడు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు ఉండేది. ఫోన్‌లో క్రికెట్ పందేలు ముందు ఆమె గొలుసును, తర్వాత కొట్టును మింగేశాయి. ఆమె ఒక్కనాడూ గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాడు. మిగిలింది మలంచాలో చిన్న ఇల్లు. జడ్జి నమ్మాలంటే భరణం చూపించాలన్నాడు వకీలు. ఆ ఇల్లు ఆమె పేర రాసేశాడు.

కాగితాలు తయారుచేసిన రోజున, "కారణం నా పందేలని రాయించు. ఎవరైనా నమ్ముతారు," అన్నాడు.

"వొద్దు. మనసులు కలవనేదని రాస్తే సాలు."

అబద్ధపు కాగితంలో కూడా తన పరువు కాపాడింది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి మళ్ళీ పందెం కాయలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. అన్నీ సర్దుకున్నాక చెబుదామని.

మొదటి సంతకాలై ఆరు నెలలు దాటింది. ఇవాళ రెండోది. దీంతో విడాకులు ఖాయం.

పేర్లు పిలిచారు. "ఇద్దరికీ ఇష్టమేనా?" అని జడ్జి బెంగాలీలో అడిగాడు. ప్రేమ్‌కుమార్ తలూపాడు. "హ్యాఁ" అని మీనా ఏడ్చేసింది. గుమాస్తా మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు. ఏం నటన అనుకున్నాడు ప్రేమ్‌కుమార్.

"మీరు ముందెళ్ళండి," అంది బయటికొచ్చాక. "నాను కాపీలు తీసుకుని వస్తాను."

రైలు కంసాయి నది వంతెన దాటుతుంటే అతనికి మామగారే గుర్తొస్తున్నాడు. ఈ ఆరు నెలలూ ఎప్పుడు వెళ్ళినా ఆ ముసలాయన ఆయాసపడుతూ లేచి కూర్చునేవాడు. తన పళ్ళెంలోంచి రెండు బిస్కెట్లు తీసి ఇచ్చేవాడు. కానీ కళ్ళలోకి చూసేవాడు కాదు. కూతురి కాపురం కూలిపోయిందని లోపల కుమిలిపోతున్నాడు. జబ్బు మనిషిని ఇంత బాధ పెట్టి సంపాదించే పెన్షన్ ఎందుకు?

స్టేషన్‌లో దిగి నేరుగా ఇందా వెళ్ళాడు.

"ఏటి బాబూ, అయిపోనాదా?" అన్నాడు దేముడు, గోడవైపు చూస్తూ.

"అయ్యింది మావయ్యా."

"కుర్సీ లాక్కో. కాళ్ళు పీకుతుంటాయి. మద్దేనం అన్నం తిన్నావా?"

ఆ మాటకు అతను ఆగలేకపోయాడు. కుర్చీ వదిలేసి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మీకోటి సెప్పాలి మావయ్యా. మిమ్మల్ని మోసం సేసినాం."

"ఏటి మోసం?"

"మీనా, నేనూ విడిపోనేదు. మీ పించను దానికి రావాలని కోర్టులో నాటకం ఆడినాం. మీకు తెలిస్తే ఒప్పుకోరని సెప్పనేదు. రేపట్నుంచి మేం మామూలే. మీరింక బెంగెట్టుకోకండి."

దేముడు చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక చేయి చాచి అల్లుడి తల మీద పెట్టాడు. ఆరు నెలల్లో మొదటిసారి అతని కళ్ళలోకి చూశాడు. ముసలాయన కళ్ళు నిండి ఉన్నాయి.

"నన్ను చమించు బాబూ."

"మీరేటి సేసినారు మావయ్యా?"

"దానికి కావలసింది పించను కాదు, విడాకులే. నాటకం మీనా, నేనూ కలిసి నీ దగ్గర ఆడినాం."