ఎడమ చెయ్యి

"నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తమ్మా. మాట్లాడ్డం కుదరదు" అంది డాక్టర్ అలేఖ్య, నీలిమ పెదాలను ప్లాస్టిక్ క్లిప్పుతో విడదీసి పెడుతూ.

పై వరసలో ముందుపళ్ళు నాలుగూ లేవు. దవడలో నాటిన రెండు ఇంప్లాంట్లకూ కొలత కోసం చిన్న పిన్నులు బిగించింది డాక్టరు. ముద్ద కరిపించి అచ్చు తీసే పని లేదు. కెమెరాతో స్కాన్ చేస్తే చాలు, దానికి తగ్గట్టు కట్టుడుపళ్ళ బ్రిడ్జి తయారవుతుంది.

"పళ్ళెలా పోయాయన్నారు?"

"బాత్రూంలో జారిపడిపోనాది, డాక్టరమ్మా" అన్నాడు గవర్రాజు పక్క స్టూలు మీంచి. భార్య ఫోను కూడా అతని జేబులోనే ఉంది.

నీలిమ ఎడమ చెయ్యి లేచింది.

"కెమెరా ఇంకా పెట్టందే!"

"దీనికన్నీ బయమేనండి" నవ్వాడతను. "పోర్టులో నాను అంతెత్తు క్రేనెక్కి కూకుంటాను. ఇది కుర్సీ ఎక్కడానికే వణికిపోతాది."

చెయ్యి దిగిపోయింది. ఇంట్లోనూ, దారిలోనూ అతను పక్కనే. ఈ కొలత అయిపోతే బ్రిడ్జి వచ్చేదాకా మళ్ళీ గడప దాటనివ్వడు. చెబితే ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచే ఉంది. మాటే లేదు.

కెమెరా చిగుళ్ళ వెంట మెల్లగా తిరిగింది. డాక్టరు తెరను తనవైపు తిప్పుకుంది.

"అబ్బే, సరిగ్గా రాలేదు. మళ్ళీ తీయాలి." తీస్తూనే అడిగింది, "మోచేతి మీద ఆ మచ్చేమిటి?"

"గంజి వొంపతంటే ఒలికిపోనాది" అన్నాడు గవర్రాజే.

చెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి నీలిమ దించలేదు.

"ఊరికే చెయ్యెత్తకమ్మా! స్కాన్ చెడిపోతోంది" విసుక్కుంది డాక్టరు.

నీలిమ కళ్ళు మూసుకుంది. ఈమెకూ అర్థం కాలేదు.

"మిషను మొరాయిస్తోంది. ఇంజినీరుకు మెసేజి పెడతాను."

"ఏటండి బాబూ, ఇంకెంతసేపు? నాకు డ్యూటీ ఉంది."

"మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుందండీ. కూర్చోండి."

మూడోసారి. నాలుగోసారి. దవడ లాగేస్తోంది. ఉమ్ము గడ్డం మీదికి కారుతోంది. గవర్రాజు కాలు నేలను తడుతూనే ఉంది. ఆ చప్పుడు నీలిమకు తెలుసు. ఇంటికెళ్ళాక ఏమవుతుందో కూడా తెలుసు.

ఎవరో తలుపు కొట్టారు.

"ఇంజినీరే అయ్యుంటారు. కాస్త తీయండి" అంది డాక్టరు.

గవర్రాజు విసురుగా తలుపు తీశాడు. గుమ్మంలో ఇద్దరు మహిళా పోలీసులు.

అలేఖ్య నీలిమ నోట్లోంచి క్లిప్పు తీసి, ఆమె ఎడమ చెయ్యి పట్టుకుంది.

"స్కాన్ మొదటిసారే వచ్చేసిందమ్మా."