గాలి తెర

ఆగస్టు చివర్లో వేల్స్ తీరంలో ఎవరైనా డేరా వేస్తే, గాలికి ఎదురుగా చారల తెర పాతుకుంటారు. నా మొగుడు డిల్విన్ మాత్రం ఈసారి సముద్రం వైపు వదిలేసి, పక్క డేరా వైపు పాతాడు.

"గాలి ఇటు కొడుతుంటే అటు పాతావేంటి? స్టవ్వే వెలగట్లేదు. ఇంక తాగు టీ," అన్నాను.

"తిరుగుతుందిలేవే గాలి. నాకు నేర్పుతావా?"

చలికి ముడుచుకుని, ఇసుక పడ్డ శాండ్‌విచ్‌లు నములుతున్నాం. పక్క డేరా కుక్క తెర కింద నుంచి దూరి వచ్చి, తోకాడిస్తూ డిల్విన్ ఒళ్లోకెక్కింది.

"దిగు పెర్ల్, దిగు," అన్నాడు.

ఆ కుక్కను నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడికొచ్చాక దాన్నెవరూ పేరు పెట్టి పిలవనూ లేదు.

తెర అవతల నిలబడ్డ పక్క డేరా ఆవిడ ఇప్పుడు కూడా పిలవడం లేదు.