వెనక వరుస విద్యార్థి

ఆన్‌లైన్ పాఠాలన్నీ మార్లా ఇంట్లోనే పూర్తి చేసింది. పూర్తి చేసిందంటే, ఫోన్ దాని మానాన అది పాఠం చెబుతుంటే, తన మానాన తను బట్టలు మడత పెట్టుకుంది.

చివర్లో జవాబులు నొక్కింది. పాసైపోయింది.

కానీ తుపాకీ బట్టల మాటున పెట్టుకు తిరిగే లైసెన్సుకి అది చాలదట. ఒక పూట వచ్చి, శిక్షకురాలి ఎదుట కాల్చి చూపించాలట. ఒహాయో రాష్ట్రంలో అదీ రూలు.

"మళ్లీ ఇదొక గోల!" అని విసుక్కుంటూ శనివారం ఊరి చివర షూటింగ్ రేంజ్‌కి వచ్చింది.

రాక తప్పదు. భర్త డెల్ లారీ మీద వారాల తరబడి బయటే. ఈ మధ్య పక్క వీధిలో దొంగలు పడ్డారు. ఒంటరిగా ఉన్న మార్లాకి కంటి మీద కునుకు లేదు.

శిక్షకురాలు రోండా చకచకా చెప్పుకుపోతోంది. వెనక వరుసలో ఆర్లో అనే ముసలాయన. ఒళ్లో డబ్బా, దాని నిండా వేరుసెనగ ముద్దకు చాక్లెట్ పూసిన మిఠాయిలు.

"తీసుకో తల్లీ. కడుపు నిండితేగానీ గురి కుదరదు."

మార్లా తీసుకుంది. బాగుందని ఇంకోటి కూడా తీసుకుంది.

పెద్దాయన అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మాటిమాటికీ చెయ్యెత్తడమే.

"చీకట్లో తలుపు చప్పుడైంది. వచ్చిందెవరో ఎలా తెలుస్తుంది?"

"అడగాలి పెద్దాయనా," అంది రోండా.

"ఎలా అడగాలి?"

"నోటితో!" అని మార్లా చురక అంటించింది. అందరూ నవ్వారు. ఆర్లో కూడా నవ్వాడు.

"అయితే ఏదీ, ఒకసారి అడిగి చూపించు తల్లీ."

"ఎవరది?"

"అది గొణుగుడు. గట్టిగా!"

"ఎవరదీ!"

"మళ్లీ!"

ఒకరి తర్వాత ఒకరు అందరిచేతా అరిపించాడు. రోండా చూస్తూ నిలబడిందే తప్ప ఆపలేదు. మార్లాకి ఒళ్లు మండింది.

"బుర్రకెక్కకపోతే ఆన్‌లైన్‌లో చూసుకోరాదూ? ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు. మా ప్రాణం తీస్తారెందుకు?"

ఆర్లో ముఖం చిన్నబోయింది.

"ఫోన్ ముందు ఎవరూ అరవరు కదమ్మా," అన్నాడు మెల్లగా.

మార్లా గురి చూసి కాల్చింది. లైసెన్సు వచ్చింది. ముసలాయన్ని మరిచిపోయింది.

డిసెంబరులో మంచువాన కురిసి ఊళ్లో కరెంటు పోయింది. సాయంత్రానికే చీకటి పడింది. మార్లా వంటింట్లో కొవ్వొత్తి కోసం తడుముతుంటే వెనక తలుపు తాళం చప్పుడైంది.

డెల్ శుక్రవారం గానీ రాడు.

తుపాకీ చేతిలోకి తీసుకుంది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నిలువెత్తు నీడ.

ఆన్‌లైన్ పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"ఎవరదీ!"

"నేనేనే! ఊరంతా అదిరిపోయేలా ఆ అరుపేంటి? రోడ్లు మూసేస్తారని ముందే వచ్చేశా."

డెల్ గొంతు! మార్లా తుపాకీ బల్ల మీద పెట్టేసి, మొగుణ్ణి కావిలించుకుని భోరుమంది.

ఆ శనివారమే తన చేత్తో ఆపిల్ పై అనే తీపి రొట్టె చేసుకుని రేంజ్‌కి పరుగెత్తింది.

"ఆర్లో గారేరీ? ఆయనకే ఇవ్వాలి. ఆయన్ని కావిలించుకోవాలి."

రోండా కుర్చీలు సర్దడం ఆపింది.

"ఆయన పోయారు మార్లా. పోయిన నెల. నిద్రలోనే."

మార్లా కూలబడింది. "అయ్యో! చెడ్డమాట ఒకటి అన్నాను గానీ మంచిమాట ఒక్కటీ అనలేదు. లైసెన్సయినా చేతికందిందా పాపం?"

"ఆయన అడిగితేగా! ముప్పై ఏళ్లుగా తుపాకీ ముట్టలేదు. ఊరికే వచ్చి కూర్చునేవారు. నేను పెట్టిన ఏ క్లాసూ మానలేదు."

"ఎందుకూ?"

"ఒకప్పుడు ఓ రాత్రి వెనక తలుపు చప్పుడైంది. దొంగనుకున్నారు. అడక్కుండా కాల్చేశారు."

"దేవుడా! ఎవర్ని?"

"నన్నే," అంది రోండా. "నాన్నకి చెప్పకుండా కాలేజీ నుంచి ఇంటికొచ్చేశాను."