గెలిచిన పూరేడు పిట్ట

అవతల బీడు నేలలో బావురుపిల్లి ఇంటిల్లిపాదినీ తినేస్తే ఒక్కత్తే మిగిలింది పూరేడు పిట్ట. చెరువు కాడికొచ్చి, జమ్ముగడ్డిలో తలదాచుకుంటానని కాపలా కొంగనడిగింది.

"నీ ఒంటి మీద గాటు కూడా లేదు. పిల్లీ లేదు, ఏమీ లేదు. రేపు పొద్దున్నే నీ బీటికి నువ్వెళ్లిపో" అంది కొంగ.

కొంగ తీర్పులో తప్పుంటే పట్టుకునేది ముసలి తాబేలు. పిట్ట ఏడ్చుకుంటా దాని దగ్గరికెళ్లింది.

"తాతా, పిల్లి ఉంది. నా కళ్లతో చూశాను."

"పిల్లి ఉందో లేదో తేల్చడం నా పని కాదమ్మా. కొంగ నీ మాట సాంతం విందా, అది చెప్పు."

"చేపలు పట్టుకుంటా ఉంది తాతా. సగంలోనే పొమ్మంది."

"అయితే ఆ తీర్పు చెల్లదు, కొట్టేశాను. నువ్వు గెలిచావు పో."

పిట్టకి ప్రాణం లేచొచ్చింది. "అయితే జమ్ములోకి పోనా తాతా?"

"అది నేను చెప్పకూడదు తల్లీ. మళ్లీ అడుక్కోవాలి."

"ఎవర్ని?"

"కొంగనే."

పిట్ట గట్టెంట ఒక్కత్తే నడుచుకుంటా వెళ్లింది. జమ్ములో ఎవరో పిల్లల్ని కూటికి పిలుస్తున్నారు.

ఈసారి కొంగ నీళ్ల వైపు చూడలేదు. దగ్గరికొచ్చి మెడ వంచింది.

"ఊఁ, సాంతం వింటాను, నిదానంగా చెప్పు. పిల్లి ముందు ఎవర్ని తినింది?"

"మా చిన్నదాన్ని" అని మొదలుపెట్టింది పిట్ట.